చెరిపి వేసిన బొమ్మలు

2017లో నెదర్లాండ్స్‌లో, వాన్ గో పుట్టిన ప్రాంతంలోనే ఉన్న నార్డ్‌బ్రబాంట్స్ మ్యూజియం ఒక మంచి పని చేసింది. ‘లవింగ్ విన్సెంట్’ యానిమేషన్ సినిమా కోసం వేసిన తైలవర్ణ చిత్రాలను గోడలకెక్కించి, వాటి సరసన వాన్ గో అసలు చిత్రాలు కొన్నింటిని ఉంచింది. ఈ సంచిక ముఖచిత్ర కథనం దాని గురించే.

ఆ సినిమాలో దాదాపు 65,000 ఫ్రేములు. అన్నీ చేత్తో వేసినవే, వేసింది సుమారు 125 మంది చిత్రకారులు. పసుప్పచ్చ కోటు తొడుక్కున్న కథానాయకుడు అర్మాండ్ రూలాఁ తల తిప్పాలంటే, అదే కాన్వాసు మీద తడి రంగు గీకేసి, చెంప గీత కాస్త జరిపి మళ్ళీ వేయాలి. ఫొటో తీయాలి. మళ్ళీ గీకాలి. షాటు పూర్తయ్యేసరికి మిగిలేది ఆఖరి బొమ్మ ఒక్కటే. చెరిగిపోయినవన్నీ తెర మీదే బతికున్నాయి. అందుకే కాన్వాసునూ తెరనూ కలిపి చూడాలంటాను.

కథతో మాత్రం నాకు పేచీ ఉంది. వాన్ గో చావు చుట్టూ అల్లిన అపరాధ పరిశోధన ఆ రంగులకు సరితూగలేదు. అసలు ఆయన కుంచె తిప్పిన సుళ్ళలోనే కావలసినంత కదలిక ఉంది. మన యానిమేషన్ విద్యార్థులు వాటిని తీరిగ్గా చూడాలనే, 1889 నాటి ‘స్టారీ నైట్’ను లోపల రెండు పేజీల నిండా అచ్చు వేశాం.