లెక్క చెప్పి పట్టాలు వేయాలె!

లెక్క అడగడం తెలంగాణకు కొత్త కాదు. మా మిగులు నిధులు ఎటు పోయినయని 1969ల విద్యార్థులు, ఉద్యోగులు నిలదీస్తేనే లలిత్ కుమార్ కమిటీ వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అంటే మూడు పద్దులే కదా! 2014ల రాష్ట్రం వచ్చింది. మరి లెక్క అడగడం ఎందుకు మానేసినం?

కాళేశ్వరం సంగతే చూడండి. రూపాయి పెడితే రూపాయిన్నర ప్రయోజనమని కాగితాల మీద చూపించిన్రు. నిష్పత్తి 1.51 అన్నరు. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక దాన్ని 0.52కు దించింది. అంటే రూపాయికి 52 పైసలు! ఖర్చు తగ్గించి, రాబడి పెంచి రాస్తే ఏ ప్రాజెక్టయినా లాభమే. పాలకుడు మనోడే అయినంత మాత్రాన కూడిక మారదు.

ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వంతు. జేబీఎస్ నుంచి మేడ్చల్‌కు 24.5 కిలోమీటర్లు, శామీర్‌పేటకు 22 కిలోమీటర్ల మెట్రో. ఫ్యూచర్ సిటీ మార్గంతో కలిపి 19,579 కోట్లు. 2025 జూన్‌లో రాష్ట్ర సర్కారు ఈ ప్రతిపాదనలను కేంద్రానికి పంపింది.

మెట్రో వద్దనడం లేదు. కొంపల్లి, అల్వాల్ దారుల్లో రోజూ పోయొచ్చేటోళ్ల గోస ఎవరికి తెల్వదు? మిగిలే గంటలు కూడా ప్రయోజనమే. వాటికీ విలువ కట్టాల్సిందే.

కానీ అదే పైసలతో ఇంకేం చేయొచ్చో కూడా పక్కన పెట్టి చూడాలె. 2017 నాటి కేంద్ర మెట్రో విధానం కూడా ప్రత్యామ్నాయాలను పోల్చి చూపమన్నది. సమాజానికి కనీసం 14 శాతం ప్రతిఫలం ఉండాలన్నది. మేడ్చల్‌కు రైలు పట్టాలున్నయి. 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ కూడా మొదలైంది. ఆ రైళ్లు పెంచితే ఎంత ఖర్చు? బస్సులు పెంచితే ఎంత? శామీర్‌పేటకు ఎంఎంటీఎస్ లేదు. అక్కడ జవాబు వేరే కావచ్చు. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

శామీర్‌పేట దారిలోనే ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన చేసిన్రు. ఒకే ప్రయాణికుణ్ని రెండు ప్రాజెక్టుల లాభంలో రాసుకుంటే అది లెక్క కాదు, గారడీ.

ఇంకొక మాట. మొత్తం మీద లాభమే అంటే సరిపోదు. లాభం ఎవరిది, నష్టం ఎవరిది? స్టేషన్ పక్కన జాగ ధర పెరిగితే ప్లాటు ఓనరుకు పండుగ. అదే ఊర్ల కిరాయికి ఉండే కంపెనీ కార్మికునికి భారం. రోడ్డు వెడల్పుల చిన్న దుకాణం పోతే ఆ కుటుంబానికి బతుకుదెరువే పోయినట్టు. కూడికల వీళ్లంతా ఒక్క అంకెల కలిసిపోతరు. ఎవరి వాటా ఎంతో విడదీసి చూపాలె.

అందుకే ఆ నివేదికలను తెలుగుల అచ్చేసి, మేడ్చల్‌ల, శామీర్‌పేటల సభ పెట్టి చదివి వినిపించాలె. విద్యార్థులారా, ఉద్యోగులారా! కాగితం, పెన్ను పట్టుకొని ఆ సభలకు పోండి. రెండే ప్రశ్నలు అడగండి. ఇంతకన్నా చౌకైన దారి లేదా? నష్టపోయేటోళ్లకు ఎవరిస్తరు? వీటికి జవాబు వచ్చినంకనే పట్టాలు.