దొరికింది సరే, నిలిచేదెలా?

2013లో ఇంటర్నెట్టులో ఉన్న పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్క తేల్చింది. ఆంగ్ల వికీపీడియా వ్యాసాల కింద ఆధారాలుగా చూపిన లింకులను కూడా అదే సంస్థ పరిశీలించింది. సగానికి మించిన వ్యాసాల్లో కనీసం ఒక లింకు పనిచేయడం లేదు. ఒకసారి నెట్‌లోకి ఎక్కింది ఇక ఎక్కడికీ పోదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఈ లెక్కలు ఆ నమ్మకాన్ని నిలబడనివ్వవు. వెతికిపెట్టే యంత్రాల మీద మనకున్న ధ్యాసలో పదో వంతు కూడా, దొరికినదాన్ని పేరుపెట్టి, వర్గం చూసి, నలుగురికీ అందేచోట ఉంచే సాధనాల మీద లేదు. ఏరడం, సర్దడం, పంచడం సొంత సౌకర్యం కోసం చేసుకునే చిన్న పనులు కావు. అవి గ్రంథాలయం నడిపినంత సామాజికమైన పనులు. వాటిని ఎవరి సైటు మీద చేసినా, మన సేకరణ మొత్తాన్ని మనం వెంట తీసుకుపోగలిగే వీలుండాలి. తెలుగు విషయంలో ఈ రెండు మాటలకూ మరింత బరువుంది.

ఈ పని విలువను లోకానికి చూపిన సాధనం డెలీషియస్. జాషువా షాక్టర్ అనే ప్రోగ్రామర్ తనకు నచ్చిన లింకులను ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకుంటూ, ప్రతిదాని పక్కనా ఒకటి రెండు గుర్తుమాటలు (ట్యాగులు) చేర్చుకునేవాడు. ఆ జాబితా వేలల్లోకి పెరిగాక, 2003లో దాన్ని అందరూ వాడుకోగలిగే సైటుగా మలిచాడు. అప్పటిదాకా బుక్‌మార్కులంటే ఎక్కువగా ఒక కంప్యూటర్లో, ఒక మనిషికి మాత్రమే కనిపించేవి. అందులోనూ ఒక పేజీని ఒక ఫోల్డర్లోనే పెట్టాలి. కాకతీయుల చెరువుల మీద వ్యాసం దొరికితే అది చరిత్ర కిందికి పోవాలా, వ్యవసాయం కిందికి పోవాలా, వరంగల్ కిందికి పోవాలా? ట్యాగులు ఆ చిక్కును విప్పాయి. మూడు మాటలూ తగిలించవచ్చు, ఏ దారిన వచ్చినా పేజీ కనబడుతుంది. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే, ఎవరు ఏం దాచుకున్నారో మామూలుగా అందరికీ కనబడేది. నేను దాచిన పేజీనే ఇంకెవరు దాచారో చూసి, వాళ్లు దాచుకున్న మిగతావి తిరగేస్తే, నాకు వెతకాలన్న ఊహ కూడా లేని విషయాలు ఎదురయ్యేవి. ఎవరూ నియమించని, ఎవరూ జీతమివ్వని లక్షలమంది తమ అవసరానికి తాము సర్దుకున్న సరుకు ఉమ్మడి సూచికగా తయారైంది. 2005 చివర్లో యాహూ దాన్ని కొనేసింది. 2008 ముగిసేనాటికి వాడేవాళ్లు 50 లక్షలు దాటారు.

ఆ తరవాత కథ అందరూ తెలుసుకోదగ్గది. 2010 డిసెంబరులో యాహూ అంతర్గత సమావేశంలో చూపిన పట్టిక ఒకటి బయటికి పొక్కింది. మూసేయబోయే సేవల్లో డెలీషియస్ పేరుంది. 2011లో యూట్యూబ్ స్థాపకులు చాడ్ హర్లీ, స్టీవ్ చెన్‌ల కంపెనీ దాన్ని తీసుకుని, రూపురేఖలు మార్చి కొత్తగా తెరిచింది. ఆ మార్పుల్లో పాతవాళ్లు ఏళ్ల తరబడి పెట్టుకున్న ట్యాగుల పద్ధతే దెబ్బతింది. ఎక్కువ నష్టపోయింది టీవీ ధారావాహికలు, నవలల పాత్రలతో సొంత కథలు అల్లి పంచుకునే అభిమానులు. ఆ కథలను పాత్రలవారీగా, నిడివివారీగా, రసంవారీగా ట్యాగులతో వర్గీకరించడంలో వాళ్లు వృత్తి గ్రంథాలయ నిపుణులకు తీసిపోరు. పిన్‌బోర్డ్ అనే చిన్న సైటును ఒంటిచేత్తో నడిపే మాచే సెగ్వావ్‌స్కీ మీకేం కావాలో చెప్పండని వాళ్లను అడిగాడు. వాళ్లంతా కలిసి ఒకే పత్రంలో పదుల పేజీల కోరికల చిట్టా రాసిచ్చారు. చాలామంది తమ లింకుల మూటతో సహా అక్కడికి తరలిపోయారు. పిన్‌బోర్డ్ మొదటినుంచీ రుసుము తీసుకునే సైటు. చివరికి 2017లో ఆ చిన్న సైటే 35 వేల డాలర్లకు డెలీషియస్‌ను కొని, కొత్తవి చేర్చే వీల్లేకుండా పాతవాటిని చూడ్డానికి మాత్రం ఉంచింది.

తరలిపోగలగడం ఇక్కడ కీలకం. 1990ల్లో నెట్‌స్కేప్ బ్రౌజర్ కోసం పుట్టిన బుక్‌మార్కుల ఫైలు పద్ధతి ఒకటుంది. ఆ బ్రౌజర్ పోయి ఎన్నో ఏళ్లయినా క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటివి నేటికీ ఆ ఫైలును చదువుతాయి, రాస్తాయి. డెలీషియస్ నుంచి మూట కట్టుకోగలిగినవాళ్లకు దారిచ్చింది ఇలాంటి సాదా ఫైలే. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడ్డప్పుడు, ఏయే సైట్ల కొత్త రాతలు తెప్పించుకుంటున్నామో ఆ జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దించుకున్నవాళ్లు మరో రీడర్‌లో యథాతథంగా కొనసాగారు. తరవాత చదువుదామని దాచుకునే పాకెట్‌ను మొజిల్లా 2025 జూలైలో మూసింది. మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థ నడిపేది. కాబట్టి మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన సేవ శాశ్వతమవుతుందని చెప్పలేం. అయితే దాచుకున్నవి దించుకోవడానికి అది కొన్ని నెలల గడువిచ్చింది. ఈ మర్యాద అన్నిచోట్లా దక్కదు. కొత్త సాధనం చేపట్టేటప్పుడు ఎంత అందంగా ఉందని కాదు, రేపు వదిలి వెళ్లాల్సివస్తే ఏం చేతికిస్తుందని ముందు అడగాలి. వ్యాసాలు, పుస్తకాల వివరాలు భద్రపరుచుకునే జొటెరో 2006 నుంచీ ఉచితంగా ఉంది, దాని కోడ్ బహిరంగం, సేకరణ మొత్తాన్ని పలు రకాల ఫైళ్లుగా ఇచ్చేస్తుంది. పరిశోధక విద్యార్థులకు నేను నిస్సంకోచంగా చెప్పగల పేరు అది.

తెలుగు దగ్గరికి వస్తే నష్టం ఇంకా లోతైనది. రచ్చబండ వంటి తెలుగు చర్చాబృందాలు యాహూ గ్రూప్స్ మీద నడిచాయి. భాష, ఛందస్సు, సాహిత్య వివాదాల మీద దేశవిదేశాల తెలుగువాళ్లు అక్కడ రాసుకున్నారు. యాహూ 2019 చివర్లో ఆ గ్రూపుల్లో ఉన్న పాత సరుకంతా తొలగించి, 2020 డిసెంబరులో సేవనే ఎత్తేసింది. తెలుగు బ్లాగులు వికసించిన కాలంలో కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు ఎవరు కొత్త టపా రాసినా ఒకే పేజీలో చూపించేవి. కొత్తగా రాసేవారికి పాఠకులు ఆ దారినే వచ్చేవారు. ఆ సందడి ఫేస్‌బుక్‌కు మళ్లాక రాతలు తగ్గలేదు, బహుశా పెరిగాయి. కానీ మొన్న చదివిన మంచి పోస్టును ఈరోజు పట్టుకోవడం గగనమైంది. ఇక కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాజ్ రెడ్డి చొరవతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి చూడండి. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి గానీ, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో అడ్డదిడ్డంగా నమోదై, ఉన్న పుస్తకం కూడా లేనట్టే ఉండేది. తెలుగు వికీపీడియా ఔత్సాహికులు కూర్చుని ఆ పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు తెలుగు లిపిలో పట్టికలుగా రాశారు. తరవాత అసలు సైటే అందుబాటులో లేకుండా పోయింది. కార్ల్ మలమూద్ అనే అమెరికన్ కార్యకర్త సంస్థ ఈ సేకరణలోని లక్షల పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చి ఉండకపోతే స్కానింగు శ్రమ చాలావరకు మట్టిలో కలిసేది. ప్రతిని దాచడం, పట్టిక రాయడం రెండూ అవసరమయ్యాయి. ఏ పుస్తకం ఉండేదో తెలిస్తేనే కదా ఇంకోచోట వెతకగలం.

గూగుల్ ఉండగా ఈ సర్దుడు ఎందుకన్నది సహజమైన ప్రశ్న. వెతుకుడు యంత్రం ఈరోజు బతికి ఉన్న పేజీనే చూపగలదు, అదీ మనకు అడగడం తెలిస్తేనే. తెలుగులో ఆ అడగడమే కష్టం. ఒకే విషయాన్ని ఒకరు సేద్యం అని, ఒకరు వ్యవసాయం అని, మరొకరు అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. చెరువు, చెరువులు, చెరువుల్లోని, చెరువుగట్టు అంటూ మాట ప్రతి వాక్యంలో రూపు మారుస్తుంది. పాత దినపత్రికల సైట్లు చాలాకాలం యూనికోడ్ కాక తమ సొంత ఫాంట్లలో నడిచాయి. ఆ పేజీలు మనిషి కంటికి తెలుగు, యంత్రానికి అర్థంలేని గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింపు రావాల్సివచ్చింది. చదివిన మనిషి నాలుగు ట్యాగులు, ఒక వాక్యం తెలుగులో రాసిపెడితే, యంత్రం చేయలేని పని జరిగినట్టు. లింకు పంచడంలోనూ మనకొక ఇబ్బంది ఉంది. తెలుగు అక్షరాలున్న వెబ్ చిరునామాను కాపీ చేస్తే, లిపిలోని ఒక్కో గుర్తు తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మారిపోతుంది. తెలుగు అన్న ఒక్క మాటే 54 గుర్తుల గొలుసు. చూసినవాళ్లు అనుమానించి తెరవరు. అందుకే లింకు మీద పేజీ పేరు, రచయిత, తేదీ రాసి పంపడం మర్యాదే కాదు, అవసరం కూడా.

మన ఇళ్లలో పంచడం అంటే ఇప్పుడు వాట్సాప్ ఫార్వర్డ్. అందులో రచయిత ఉండడు, తేదీ ఉండదు, మూలానికి దారి ఉండదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో అమాయకులను కొట్టి చంపిన ఘటనల తరవాత, వాట్సాప్ సంస్థ ఫార్వర్డ్ అని ముద్ర వేయడం మొదలుపెట్టి, భారతదేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. ఆ కట్టడి వేగాన్ని తగ్గించింది గానీ, చిరునామా లేకపోవడమన్న అసలు జబ్బును తాకలేదు. మంచి వైద్యుడు రాసిన వ్యాసమైనా సరే, పేరూ లింకూ ఊడగొట్టి అక్షరాలు మాత్రం పంపితే, అది పుకారుతో కలిసి ఒకే వరసలో నిలబడుతుంది. చదివేవాడికి తేడా తెలిసే వీలే ఉండదు.

ఇప్పుడు కృత్రిమ మేధ సారాంశం చెప్పేస్తోంది, పేజీలతో పనేముందని అంటున్నారు. 2023లో న్యూయార్క్ కోర్టులో ఒక విమాన సంస్థ మీద దావా వేసిన న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉదహరించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. యంత్రం చెప్పినదాన్ని సరిచూసుకోవాలంటే మూలపత్రం ఎక్కడో ఒకచోట, తెలిసిన చిరునామాలో నిలిచి ఉండాలి. సారాంశాలు పెరిగేకొద్దీ మూలాల సేకరణ విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. దాచుకున్న లింకుల్లో నూటికి తొంభై ఎవరూ మళ్లీ తెరవరు, కూడబెట్టడం చదవడానికి బదులుగా తయారవుతుంది అన్నది. ఇది చాలావరకు నిజమని ఒప్పుకోవాలి. ఒక్క నొక్కుతో దాచే సౌకర్యం ఈ అలవాటును పెంచింది కూడా. అయితే దీనికి విరుగుడు దాచడం మానేయడం కాదు. చదివాకే దాచాలి, ఎందుకు దాచామో ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ పేజీ మనకు అక్కర్లేదు. నలుగురూ చూస్తారని తెలిస్తే ఆ వాక్యం ఇంకాస్త జాగ్రత్తగా వస్తుంది. హక్కుల ప్రశ్న కూడా తీసిపారేయదగ్గది కాదు. లింకు ఇవ్వడం, సారం చెప్పడం వేరు, వ్యాసం మొత్తాన్ని ఎత్తి తన గోడ మీద అంటించుకోవడం వేరు. మొదటిది రచయితకు పాఠకుణ్ణి తెచ్చిపెడుతుంది, రెండోది లాగేసుకుంటుంది. వ్యక్తుల సొంత జీవితపు పోస్టులను, వాళ్లు తొలగించాలనుకున్నాక కూడా పట్టుకుని ఉండే హక్కు ఎవరికీ లేదు. ప్రజాపత్రాలకు మాత్రం ఆ మినహాయింపు చెల్లదు.

ప్రజాపత్రాల దగ్గరే నాకు ఎక్కువ ఆందోళన. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన జీవోలను ప్రజలకు చూపే వెబ్‌సైటులో పెట్టడం 2021 ఆగస్టులో ఆపేసింది. మూడేళ్ల తరవాత, 2024 ఆగస్టులో, కొత్త ప్రభుత్వం మళ్లీ ఆ సైటును తెరిచింది. ఏ పార్టీ చేసిందన్నది ఇక్కడ రెండో మాట. ఒక ప్రభుత్వ నిర్ణయంతో మూసి, మరో నిర్ణయంతో తెరవగలిగే తలుపు వెనక పౌరుల హక్కుపత్రాలు ఉండడమే సమస్య. ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటుకు వెళ్లి ఒక పేజీ చిరునామా ఇస్తే అప్పటికి ఉన్న ప్రతి తీసి దాస్తుంది, ఖర్చు లేదు. విలేకరులు, సమాచార హక్కు కార్యకర్తలు ముఖ్యమైన ఉత్తర్వు చూసిన వెంటనే ఈ పని అలవాటు చేసుకోవాలి. కానీ మన రాష్ట్రాల జ్ఞాపకాన్ని మొత్తంగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక స్వచ్ఛంద సంస్థ నెత్తిన పెట్టి కూర్చోవడం న్యాయమూ కాదు, క్షేమమూ కాదు. 2024 అక్టోబరులో సైబర్ దాడులతో ఆ సంస్థ సేవలే కొన్నాళ్లు నిలిచిపోయాయి.

మనకు గ్రంథాలయోద్యమం ఉంది. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డప్పుడు, ఊరూరా పుస్తకం అందాలన్నది ఆశయం. ఆ వారసత్వంగా రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి, ఇంటి పన్నుతో పాటు వాటికోసం సెస్సు కడుతూనే ఉన్నాం. ఒక్కో జిల్లా సంస్థ తన జిల్లాకు సంబంధించిన వెబ్ పేజీల బహిరంగ పట్టికను తెలుగు ట్యాగులతో నిర్వహించవచ్చు. స్థానిక చరిత్ర వ్యాసాలు, ప్రాజెక్టుల నివేదికలు, జీవోలు, మూతబడబోయే బ్లాగుల మంచి టపాలు అందులో చేరాలి. ప్రతిదానికి శీర్షిక, రచయిత, తేదీ, ఒక వాక్యం, భద్రపరిచిన ప్రతి ఉండాలి. ఎవరైనా దించుకోగల సాదా ఫైలుగా ఆ పట్టిక దొరకాలి. దీనికి కావలసింది కొత్త భవనాలు కాదు, చదివి ఏరగల మనుషులు. సంవత్సరాల తరబడి ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల పోస్టుల్లో అటువంటివారిని నియమించాలి. కేంద్రం వైపు నుంచీ ఒకటి జరగాలి. అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ జాతీయ గ్రంథాలయానికి చేరాలని 1954 నుంచి, పత్రికలూ చేరాలని 1956 నుంచి చట్టముంది. వెబ్ పేజీల ఊసు అందులో లేదు. బ్రిటన్ 2013లోనే తమ దేశపు వెబ్‌సైట్లను సేకరించే అధికారాన్ని అక్కడి ప్రధాన గ్రంథాలయాలకు ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యుల్లో ఒక్కరైనా మన చట్టంలో వెబ్ పేజీలను చేర్చే సవరణ కోసం ప్రైవేటు మెంబరు బిల్లు పెడితే, చర్చ మొదలవడానికి అది చాలు.