నర్సులకు దేవతాపీఠమేల?

కరోనా మహమ్మారి కాలమున నర్సులు చేసిన శుశ్రూషను త్యాగమనియు దైవకార్యమనియు కీర్తించుటతో మన ఋణము తీరినదని జూబిలీహిల్స్, ఫిలింనగరు ప్రాంతములలో నేటికిని పెక్కురు విశ్వసించుచున్నారు. సదుద్దేశముతో బుట్టినదైనను ఈ విశ్వాసము హానికరమని నా దృఢాభిప్రాయము. ఏలయన, దేవతగా నెంచబడిన మనిషి అలసితినని చెప్పుకొన్నచో వినువారుండరు.

2020 మార్చి 22న సాయంకాలము వైద్యసిబ్బందికి కృతజ్ఞతగా బాల్కనీలలో చప్పట్లు మ్రోగినవి. మే 3న హైదరాబాదు గాంధీ ఆసుపత్రిపై వాయుసేన పూలవాన గురిపించినది. ఆ యేటి జూలైలోనే, అదే ఆసుపత్రిలోని ఔట్‌సోర్సింగు నర్సులు ఉద్యోగభద్రతకును జీతముల పెంపునకును ఆందోళనకు దిగవలసివచ్చెను. ఆపత్కాలమున బేరమాడుట తగునాయని అప్పుడు ముఖము చిట్లించినవారు లేకపోలేదు.

జూబిలీహిల్స్, ఫిలింనగరులలో నివసించు చలనచిత్రసీమవారి నోట నిట్టి మాట వెలువడుట మరింత విచారకరము. కాల్షీటు దాటి పనిచేసిన లైట్‌మన్ అదనపు బేటా నడిగినచో వానికి కళాభిమానము లేదని యెవ్వరును నిందింపరు. షూటింగులు నిలిచి కృష్ణానగరు కార్మికుల పొయ్యిలో పిల్లి లేవని ఆ దినములలో, చిరంజీవిగారి పూనికతో నేర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ వారికి ప్రశంసాపత్రములు గాక నిత్యావసర సరకులు పంచినది. పొగడ్తతో కడుపు నిండదని యింత చక్కగ నెరిగినవారు నర్సు విషయమున మాత్రము ఆ యెరుక నేల విస్మరింపవలెను?

వెంటిలేటరుపై నున్న రోగిని, గొంతులోని గొట్టము కదలకుండ, నలుగురైదుగురు కలిసి బోర్లా త్రిప్పి పరుండబెట్టుట యెంతటి విద్యయో చూచినవారికే తెలియును. పి.పి.ఇ. కిట్టు తొడిగినది మొదలు విప్పువరకు గ్రుక్కెడు నీరు లేదు. మాస్కు ఒరిపిడికి ముక్కుదూలము పుండగును. లోనికి రానోచని బిడ్డలకు వీడియోకాలులో తల్లి ముఖము చూపుచు ఫోను పట్టుకొని నిలిచిన నర్సే, తెల్లవారులోపల ఆ తల్లి దేహమును సంచిలో నుంచి జిప్పు మూయవలసివచ్చిన సందర్భములు కలవు. గాయకులు బాలసుబ్రహ్మణ్యంగారు కరోనా సోకి 2020 ఆగస్టు మొదలు సెప్టెంబరు 25న కన్నుమూయువరకు చెన్నపట్టణపు ఆసుపత్రిలో నుండగా, తెలుగులోకమంతయు వైద్యుల ప్రకటనల కొరకు నిరీక్షించినది. ఆయన మంచము కడ రాత్రులు మేల్కొన్నవారు తమ దుఃఖము నెవరితో జెప్పుకొనిరో మనలో నెవ్వరును విచారింపలేదు.

ఇంటివారున్నారు గదా, వారే యోదార్తురని కొందరందురు. ఆ యింటివారి స్థితి యేమి? అంటుకొనునేమోయను భయమున నర్సైన తల్లి వేరుగదిలో నుండగా పసిబిడ్డ తలుపు కొట్టుచుండెను. అన్నపుపళ్లెమును గడప కడ నుంచి అత్తగారు వెనుకకు తగ్గవలసివచ్చెను. కొందరినైతే యజమానులు అద్దెయింటినే ఖాళీ చేయుమనిరి. తానే ఆసరా కొరకు చూచుచున్న కుటుంబముపై, యాజమాన్యములును ప్రభుత్వమును వహింపదగిన భారమును మోపుట అన్యాయము.

వెంటిలేటరుపై నున్న ప్రతి రోగికిని ఒక నర్సు, విధివేళలకు పరిమితి, క్వారంటైను దినములకు పూర్తి జీతము, ఆసుపత్రి ఖర్చుతోనే మనోవైద్యుని సాయము: వీనిని నియామకపత్రములోనే వ్రాసి యీయవలెను, అదియు తరువాతి మహమ్మారి రాకమునుపే.