మూడు తలల కొబ్బరిచెట్టు

పిల్లల చేతిలోని ఫోను గురించి ఈ శీర్షికలో ఇదివరకు రెండు మూడు సార్లు వ్రాశాను. ప్రతిసారీ తల్లుల పక్షాన నిలబడే వ్రాశాను. ఈ నెల మాత్రం కాసేపు పిల్లవాడి పక్కన కూర్చొని వ్రాయవలసి వస్తున్నది. అందుకు కారణం మా మనవడు, వాడు నాకు చూపించిన ఒక కొబ్బరిచెట్టు.

వాడికి పదకొండేళ్ళు. పుట్టింది, పెరిగింది కువైట్‌లో. సెలవులకు తల్లితో కలసి అంబాజీపేట దగ్గరి మా ఊరికి వచ్చాడు. వచ్చిన రెండవ రోజు జుహర్ నమాజు ముగించుకొని నేను అరుగు మీద కూర్చున్నాను. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి ఫోను నా ముఖానికి దగ్గరగా పెట్టి, “దాదీ, చూడు! ఇది మన చెట్టే!” అన్నాడు.

చూశాను. మానువంటి ఒళ్ళు, దాని కింద రెండు లావుపాటి కాళ్ళు, నెత్తిన కొబ్బరి మట్టలు. మట్టల కింద మూడు కాయలు. ఆ మూడింటికీ ముఖాలు. ఒకటి నవ్వుతోంది, మిగిలిన రెండూ తమ తమ ధోరణిలో ఉన్నాయి. దీని పేరు ఎగ్జెగ్యూటర్ అట. జపాన్‌లో దీనినే నాస్సీ అంటారు. పోకెమాన్ అనే ఆటలో చిత్రమైన జీవులను వెదకి, పట్టి, పెంచి, పోటీకి దించుతారు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో వెలువడిన మొదటి ఆటలోనే ఈ కొబ్బరి జీవి ఉంది. జాబితాలో దాని సంఖ్య 103.

నేను మొదట నవ్వాను. తరువాత అనకూడని మాట అన్నాను. “చెట్టు నడుస్తుందా, ముఖాలుంటాయా? ఈ పిచ్చి బొమ్మలు కట్టిపెట్టి పెరట్లోకి పో, అక్కడ నిజమైన చెట్లు ఉన్నాయి” అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. అయినా కదలలేదు. “ఇది పది పాయింట్ తొమ్మిది మీటర్లు దాదీ. మన చెట్టు ఎంత?” అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళుగా ఆ తోటలో తిరుగుతున్నాను. ఏ చెట్టు కాయ తియ్యన, ఏ చెట్టు కాయకు పీచు ఎక్కువ, దేనికి ముక్కు పురుగు పట్టింది, అన్నీ చెప్పగలను. ఎత్తు మాత్రం ఎన్నడూ లెక్కపెట్టలేదు. దింపు కార్మికుడు ఎక్కేటప్పుడు తల ఎత్తి చూడటమే నాకు తెలిసిన కొలత. బొమ్మచెట్టు ఎత్తు దశాంశంతో సహా వాడికి తెలుసు, సొంత చెట్టు ఎత్తు నాకు తెలియదు. అప్పుడు ఫోను పక్కన పెట్టమనకుండా, దానిని గురించి చెప్పమన్నాను.

వాడు చెప్పినదానిలో కొంత నన్ను నిజంగానే ఆశ్చర్యపరిచింది. మామూలు ఎగ్జెగ్యూటర్ ఎత్తు రెండు మీటర్లే. 2016 నవంబరులో వచ్చిన ఆటలో అలోలా అనే దీవుల దేశాన్ని కల్పించారు. దానికి నమూనా హవాయి. అక్కడి మండుటెండలో ఇదే జీవి 10.9 మీటర్లకు సాగిపోయింది. ఎగ్జెగ్యూటర్ అంటే ఇలాగే ఉండాలని అక్కడి జనం గర్వంగా చెప్పుకుంటారట. మన కోనసీమవారు ఎవరైనా ఆ ఆట తయారీలో కలిశారా అనిపించింది! గంగబొండం గురించి మా ఊరివాళ్ళు మాట్లాడే తీరు సరిగ్గా అదే.

ఇంకొక సంగతి. దాని తలలలో ఒకటి అప్పుడప్పుడు రాలి పడుతుందట. రాలిన తలలు ఒక చోట చేరి ‘ఎగ్జెగ్‌క్యూట్’ అనే ఆరు గుడ్ల గుంపు అవుతాయి. విడిపోయినా అవి మళ్ళీ ఒకదానినొకటి వెదుక్కుంటూ వచ్చి కలుస్తాయి. ఆ గుంపే మళ్ళీ చెట్టు అవుతుంది. వినడానికి వింతగా ఉన్నా దీనిని అల్లినవాడు కొబ్బరికాయను తేరిపార చూశాడని నాకు తోచింది. కోయకుండా వదిలేసిన కాయ ముదిరి తానే రాలుతుంది, పడిన చోటనే మొలక వేస్తుంది. కాయను ఒలిచి చూస్తే మూడు కళ్ళు. పాతకాలపు పోర్చుగీసు, స్పెయిను నావికులకు ఆ మూడు కళ్ళలో పళ్ళికిలించే ముఖం కనిపించిందట. వాళ్ళు పెట్టిన ‘కోకో’ అనే పేరే నేటి ‘కోకోనట్’లో నిలిచింది.

వంటింట్లోంచి ఒక కాయ తెచ్చి వాడి చేత పీచు తీయించాను. మూడు కళ్ళనూ పుల్లతో పొడిచి చూడమన్నాను. రెండు గట్టిగా ఉన్నాయి, ఒకటి మెత్తగా దిగింది. “మొలక వచ్చేది దీనిలోంచే” అని చెప్పాను. వాడు ఆ కాయను సాయంత్రం దాకా వదలలేదు.

ఈ ఆటలో పండ్ల జీవులు మరికొన్ని ఉన్నాయి. ట్రోపియస్ అనేదానికి మెడ కింద అరటి హస్తం వేలాడుతుంది. పండ్లు తిని తిని దానికే పండ్లు కాశాయట, పిల్లలకు ఆ పండ్లంటే ప్రాణమట. రావులపాలెం అరటి మార్కెట్లో దానిని ఒక్క గంట నిలబెడితే ఏమవుతుందో ఊహించుకొని నేనూ కోడలూ చాలాసేపు నవ్వుకున్నాం.

పాఠక సోదరీమణులు కొందరికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. 2001లో సౌదీ అరేబియా పోకెమాన్‌ను నిషేధించిన విషయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడి ఉలమా ప్రధానంగా ఎత్తిచూపినది దానిలోని జూదపు పోలిక. 2016లో వీధుల్లో తిరుగుతూ ఆడే పోకెమాన్ గో వచ్చినప్పుడు ఆ ఫత్వా మళ్ళీ చర్చకు వచ్చింది. ఫత్వా చెప్పే స్థానం నాది కాదు. అడగవలసిన వారిని అడగండి. ఇంటి పెద్దగా నేను చూసుకున్నవి రెండే. ఆటలో డబ్బు ఖర్చయ్యే మీటలు వాడి చేతికి అందకూడదు, నమాజు వేళకు ఫోను పక్కకు పోవాలి. ఈ రెండింటికీ వాడు ఒప్పుకున్నాడు. మొదటిదానికి కొంచెం గునిశాడు.

ఈ ఆటకు మూలపురుషుడు సతోషి తజిరి. చిన్నప్పుడు అతడికి పురుగులు పట్టి పోగుచేయడం పిచ్చి. టోక్యో శివార్లలోని తన ఊరి మడుగులు, పొలాలు పూడిపోయి ఇళ్ళూ దుకాణాలూ లేచాయి. తాను అనుభవించిన ఆ వెదుకులాట ఆనందం తరువాతి పిల్లలకు ఏదో రూపంలో అందాలన్న కోరిక నుంచే ఈ ఆట పుట్టింది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నా మనసు మా తోట చుట్టూనే తిరుగుతోంది. ఎందుకంటే మా పెద్దబ్బాయి, అంటే ఈ పిల్లవాడి తండ్రి, తోట తీసేసి రొయ్యల చెరువుకు లీజుకిద్దామని ఏడాదిగా అంటున్నాడు. వాడి మాటలో తప్పు లేదు. తెల్లదోమ, నల్లి, పడిపోయే ధర, దొరకని దింపు మనుషులు. వీటన్నిటినీ కువైట్ నుంచి చూసుకోవడం వాడి వల్ల కాదు. పక్క చేను ఇప్పటికే చెరువైంది. ఆ ఉప్పునీటి ఊటకు గట్టు వైపు వరుసలో మట్టలు పసుపు తిరుగుతున్నాయి.

చెట్టును కొలవడం ఎలాగని వాడు మళ్ళీ అడిగాడు. అసర్ వేళను పూర్వం నీడను బట్టి ఎలా గుర్తించేవారో వాడికి మద్రసాలో చెప్పారు. ఆ నీడనే ఆధారం చేసుకున్నాం. ముసురు విడిచిన ఒక ఉదయం, తొమ్మిదింబావు వేళ, చదునైన చోట మీటరు కర్ర నిలబెట్టాం. దాని నీడ 80 సెంటీమీటర్లు. అదే నిమిషాన చెట్టు మొదలు నుంచి తల నీడ వరకు తాడు పరిచాం, పన్నెండు మీటర్లు. లెక్క వాడే చేశాడు, పదిహేను మీటర్లు. “అలోలా దానికంటే పెద్దది!” అని తోటంతా వినిపించేలా అరిచాడు.

తరువాత అడిగాడు, “అబ్బా వీటిని కొట్టేస్తే, తల రాలి మళ్ళీ వస్తుందా?”

ఆటలోని చెట్టుకూ మా చెట్టుకూ తేడా అక్కడే ఉంది. ఆ జీవికి మూడు తలలు. అలోలా జాతికి తోక చివర నాలుగవది కూడా ఉందట. కొబ్బరిచెట్టుకు ఒక్కటే మొవ్వు. కొత్త మట్ట, కొత్త గెల, అన్నీ ఆ ఒక్కచోటు నుంచే రావాలి. ఇంచుమించు నెలకు ఒక మట్ట, ఆ మట్ట మొదట్లో ఒక గెల, గెలలోని కాయ ముదరడానికి సుమారు ఏడాది. మామిడి కొమ్మ విరిగితే పక్కన చిగురిస్తుంది. వాడు కువైట్‌లో చూసే ఖర్జూరపు చెట్టు మొదట్లో పిలకలైనా వేస్తుంది. కొబ్బరికి ఆ దారి లేదు. మొవ్వు పోతే చెట్టు పోయినట్లే, మాను ఎంత గట్టిగా నిలబడి ఉన్నా సరే.

అది నేను పుస్తకంలో చదివి చెప్పలేదు. వాడి ఆట పుట్టిన 1996లోనే, నవంబరు 6 రాత్రి తుపాను మా కోనసీమ మీద పడింది. వెయ్యి మందికి పైగా మరణించారు. తెల్లవారాక చూస్తే తోటలో కొన్ని చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. మరికొన్ని నిటారుగానే ఉన్నాయి, తలలు లేవు. మా అత్తగారు ఆ మాన్ల వైపు చూసి, “నిలబడ్డవి కూడా పోయాయి” అన్నారు. ఆమె అన్నది అక్షరాలా జరిగింది. మా వారు (అల్లాహ్ ఆయనను కరుణించుగాక) మరుసటి ఏడు విత్తన కాయలు ఎంచి, నారు పోసి, వరుసలు నాటారు. తొలి పొత్తు విచ్చుకోవడానికి ఆరేడేళ్ళు పట్టింది. మేము కొలిచిన చెట్టు ఆ వరుసలోనిదే.

ఇదంతా వాడికి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. కాసేపు ఆ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు, ఆట తెరవలేదు. తరువాత తెరిచాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ రాత్రి ఇషా తరువాత తండ్రితో ఫోనులో మాట్లాడుతూ ముందు నీడ లెక్క చెప్పాడు. ఆ తరువాత, “అబ్బా, దీనికి ఒక్కటే తల ఉంది, తెలుసా?” అన్నాడు. అవతల కాసేపు మాట లేదు. ఏ వరుసలోని చెట్టు అని మా పెద్దబ్బాయి అడిగాడు. వాడు చెప్పాడు. ఫోను నాకు ఇచ్చినప్పుడు చెరువు మాట వస్తుందనే అనుకున్నాను.

“అమ్మీ, ఈసారి దింపు ఎప్పుడు?” అని అడిగాడు.