కల్చర్ పాకెట్‌కూ ఎండ తగులుతుంది

మృగశిర కార్తె దగ్గర పడగానే కంది, పెసర విత్తనంతో పాటు రైజోబియం కల్చర్ పాకెట్ కూడా కొంటుంటారు. పంట ఎదగకపోతే "ఆ నల్లపొడి ఉత్తదేలే" అని తీసిపారేస్తారు. ఉత్తదని నేననను. మీ చేతికొచ్చేసరికే చచ్చిపోయి ఉంటుందేమోనని నా అనుమానం.

అందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. అవి పప్పుజాతి మొక్క వేళ్లలో బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. గ్రాము పొడిలో కనీసం 5 కోట్ల జీవకణాలు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చారు. సరే, రేకుల షెడ్డులో యూరియా బస్తాల పక్కన మే నెలంతా మగ్గితే వాటిలో ఎన్ని మిగులుతాయి?

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి రైతు ఒకప్పుడు కలెక్టరేట్ పనికి హైదరాబాదులోని లక్డీకాపూల్ దాకా రావాల్సిందే. 2016లో వికారాబాద్ జిల్లా అయింది. రంగారెడ్డి కలెక్టరేట్ కూడా 2022లో లక్డీకాపూల్ వదిలి కొంగర కలాన్ చేరింది. ఆఫీసులు దగ్గరికొచ్చాయి, సంతోషమే. మరి కల్చర్ పెట్టుకోవడానికి ప్రతి సహకార సంఘంలో ఒక చల్లని గది ఎందుకుండకూడదు? విత్తే ముందు వారంలోనే పాకెట్లు తెప్పిస్తే ఏం పోయింది? మీరే అడగాలి. గడువు తేదీ, పంట పేరు చూడకుండా డబ్బులివ్వకండి. శనగ కల్చర్ కందికి పనిచేయదు.

8–10 కిలోల విత్తనానికి 200 గ్రాముల పాకెట్ చాలు. బెల్లం నీళ్లు మరిగించి, పూర్తిగా చల్లారాక విత్తనానికి తడిపి, పొడి పట్టించి, నీడలో ఆరబెట్టి వెంటనే విత్తండి. తెగులు మందు పట్టించేవారు దాన్ని ముందు పట్టించి, కల్చర్ చివర్లో వాడాలి.

ఏటా కంది వేసే చేలో ఈ సూక్ష్మజీవులు ముందే ఉండొచ్చు. అక్కడ పాకెట్‌తో పెద్ద తేడా కనిపించకపోవచ్చు, అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. ఏళ్ల తరబడి పత్తి వేసి ఇప్పుడు పప్పుకు మళ్లిన చేలో తప్పక వాడండి. యూరియా గుప్పించారో, బుడిపెలు కట్టవు.

విత్తిన నెల, నెలన్నరకు నాలుగు మొక్కలు పారతో తవ్వి తీయండి, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతున్నట్టే. తెల్లగానో, పచ్చగానో ఉంటే ఆ ఖాళీ పాకెట్ పట్టుకుని కొన్నచోటికే వెళ్లి అడగండి.