బండి యెక్కిన యిల్లు



గత మాసమున మా వదినగారు మిన్నెసోటానుండి ఒక ఛాయాపటమును పంపినారు. ఆ రాష్ట్రము అమెరికా సంయుక్తరాష్ట్రముల యుత్తరపు టంచున నున్నది. శీతకాలమున అచ్చటి సరస్సులు గడ్డకట్టగా జనులు ఆ మంచుపలకకు రంధ్రము తొలిచి, గాలము వేసి చేపలు పట్టుదురు. చలిగాలి తగులకుండ పైని మడతగుడారము నొకదానిని నిలుపుకొందురు. పటములో మా అన్నగారు ఆ గుడారమును మడచి, కారు వెనుక బిగించిన యినుప చట్రముపై పెట్టి పట్టీలతో కట్టుచున్నారు. “సముద్రపుటొడ్డున కాపురమున్నదానవు గదా, ఇట్టి చోద్యమును ఎన్నడైన జూచితివా?” అని వదినగారి ప్రశ్న.

గుడారమును చూడలేదు గాని, ఉప్పాడలో ఇండ్లకు ఇండ్లే బండి యెక్కుట చూచితిని.

ముందుగా ఆ చట్రము సంగతి చెప్పెదను. కారు అడుగున వెనుకవైపు చదరపు ఉక్కుగొట్ట మొకటి యుండును. దాని నోరు కొన్ని బండ్లకు ఒకటింబావు అంగుళము, పెద్ద బండ్లకు 2 అంగుళములు. చట్రపుకాడను అందులో దూర్చి అడ్డుసీల వేసిన చాలును. అయితే బరువంతయు వెనుక చక్రముల కావల వ్రేలాడుచుండును గావున, అది మితిమీరినచో కారు వెనుక క్రుంగి ముందరి చక్రములు తేలికయగును, తిప్పినట్లు తిరుగవు. అందుచే బరువైన వస్తువును కారు నానుకొనునట్లు పెట్టవలయునట. వెనుక దీపములును నంబరుపలకయు మరుగుపడరాదు. తడిసిన గుడారము మడతలోనే గడ్డకట్టి మొదటికంటె బరువెక్కును. కొంతదూరము పోయిన పిమ్మట ఆగి, పట్టీలు సడలినవేమో లాగి చూడవలయును. మావారు ఈ యుత్తరమును చదివి, “బడిలో పిల్లలకు నేను చెప్పు మీటసూత్రమే యిది” యనిరి. మా వీధికి చేపలు తెచ్చు అవ్వ బడికి పోయినది కాదు. ఆ సూత్రమును ఆమె నాకంటె ముందే యెరుగును.

ఆమె తాటాకుపాక ఒడ్డున నుండెడిది. మొన్నటి తుపానులో అలలు గుమ్మముదాక వచ్చెను. తెల్లవారగనే కొడుకులు కప్పు విప్పి, వాసములు, వెదుళ్లు, నిట్రాడు, వలలు, సామానును ట్రాక్టరు తొట్టిలో వేసిరి. ముందు వలలు, వెనుక రుబ్బురోలు, బియ్యపుడబ్బా, ట్రంకుపెట్టె. బండి పదిబారలు కదలెనో లేదో ఇసుకలో చక్రములు గిరగిర తిరుగసాగెను. ఇరుసునకు వెనుక బరువు హెచ్చుటచే తొట్టి ముందరికడ్డీ పైకి లేచి ట్రాక్టరు కొక్కెమును ఎత్తుచుండెను. చక్రములకు పట్టు లేకపోయెను.

“ఏరా, రోలు ఎనక్కెట్టారా? బండి ఎత్తేత్తాది. ముందుకు తెండి!” అని అవ్వ కేక వేసెను. తరువాత నావైపు తిరిగి, “ఎడ్లబండికైనా అంతే అమ్మగోరూ, ఎనక బరువైతే కాడి లేచి ఎద్దు పీక బిగిసిపోద్ది” అనెను. సామానంతయు దించి మరల నెక్కించిరి. రోలును పెట్టెలును ముందువైపు చేరెను. వెదుళ్ల కొసలకు ఎర్రగుడ్డ కట్టిరి. గ్యాసుబండను మాత్రము పరుండబెట్టనీయక, నిలువుగానుంచి త్రాట బిగింపించెను. రేషనుకార్డు, ఆధారుకార్డు, బ్యాంకు పుస్తకము మైకాసంచిలో చుట్టి తన ఒడిలోనే ఉంచుకొనెను. బండి పైకెక్కించిన వస్తువు ఏ క్షణమున జారునో తెలియదు గనుక ఇది గృహిణులందరు నేర్వదగిన పని.

ఇది ఆమె పాకకు మూడవ ప్రయాణము. మా తీరము కోతకు శాస్త్రజ్ఞులు పలు కారణములు చెప్పుచున్నారు. గోదావరి ఇసుక కడలిప్రవాహముతో ఉత్తరముగా సాగి, కాకినాడ యెదుట హోప్ ఐలండ్ అను పొడవైన దిబ్బగా పెరిగినది. దానివలన అలల నడక మారినదందురు. ఓడరేవు కట్టుబడులు ఇసుకకు అడ్డమనియు, 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మొదలు ఎగువన వెలసిన జలాశయములన్నియు ఒండ్రును ఆపుచున్నవనియు మరికొందరందురు. ఒడ్డున రాళ్లు పోసిరి, ఇసుక నింపిన పెద్ద వస్త్రపుగొట్టములను పరచిరి, అవియు చెదరిపోయినవి. కాకినాడకు పోవు సముద్రపు బాట ఎన్నిమారులు తెగెనో లెక్కలేదు.

మిన్నెసోటాలో సరస్సుపై రాత్రియు వదలియుంచు గుడిసెలను మార్చిమాసమున ప్రభుత్వము నియమించిన దినమునకు లోపల తొలగింపవలయునని శాసనము కలదు. మంచు కరుగుకాలము ముందే తెలియును. మోసికొనిపోవుటకు ఎవరి యిల్లు వారికున్నది. మా యొడ్డున సముద్రము నాడు చెప్పి రాదు. బండి దొరుకును, మోయు చేతులు దొరుకును. దించుకొను చోటే దొరకదు. దూరముగా నేల చూపిన, వల యెక్కడ, పడవ యెక్కడ, తెల్లవారుజామున చేపలగంప నెత్తుకొని రావలసిన ఆడువారి నడక యెంత?

అవ్వ ఇప్పుడు తమ్ముని పెరటిలో ఒకచూరు దించుకొని యున్నది. వెదుళ్లతోనే చాలించినది. నిట్రాడు పాతవేమి యని నిన్న నడిగితిని. “ఇక్కడ ఎన్నాళ్లో సూడనీయండమ్మగోరూ” అనెను. అది గోడవారగా ఇంకను పండియే యున్నది.