భద్రతా శీర్షిక: ఇంటి రంపానికి పర్యవేక్షకుడెవరు?

కర్మాగారంలో యంత్రం వద్ద నిలబడేవాడు ఒంటరివాడు కాడు. కవచం సరిగా ఉన్నదో లేదో చూచే పర్యవేక్షకుడు ఉంటాడు. మరమ్మతుకు ముందు విద్యుత్తు నిలిపి తాళం వేసే పద్ధతి ఉంటుంది. ప్రమాదకరమైన భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లో నిర్దేశించిన నాటి నుండి ఈ క్రమశిక్షణ మనకు పరిచితమే. అయితే అదే ఉద్యోగి సెలవు దినాన క్వార్టర్ వెనుక వసారాలో చెక్క కోయబూనినప్పుడు చట్టమూ, పర్యవేక్షకుడూ వెంట రారు. అందుచేత ఈ మాసం ఇంటి వడ్రంగి యంత్రాలను గురించి ముచ్చటిస్తున్నాము.

ముందుగా, ఎందరో ఎరిగిన ఒక అలవాటును పరిశీలిద్దాం. రాయి కోసే చేతి కట్టర్‌కు పళ్ళ బ్లేడు తగిలించి, దానిని ప్లైవుడ్ బల్ల క్రింద తలక్రిందులుగా బిగించి, పైకి పొడుచుకువచ్చిన బ్లేడుపై పలకలు కోయడం ఆ అలవాటు. ఖర్చు తక్కువ, పని త్వరితం. కాని ఇందులో మూడు రక్షణలు ఒక్కసారిగా తొలగిపోతున్నవి. బ్లేడుపై కవచం లేదు. స్విచ్చిని నొక్కి బిగించి ఉంచుతారు గనుక చేయి తీసినా యంత్రం ఆగదు. ఆపడానికి బల్ల క్రిందికి వంగవలసిందే. కోసిన చీలిక మూసుకుపోకుండా బ్లేడు వెనుక నిలువవలసిన పలుచని రేకు కూడా లేదు.

110 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే దాని పళ్ళ వేగం గంటకు సుమారు 250 కిలోమీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి మనిషి చేయి వెనక్కు లాగుకొనేందుకు పావు సెకను పట్టిందనుకుంటే, ఆలోగా ఆ బ్లేడు 50 చుట్లు తిరుగుతుంది. చాకచక్యాన్ని నమ్ముకొని ఈ వేగంతో పోటీపడడం అవివేకం.

బల్ల రంపంతో వచ్చే మరొక ప్రమాదం ఎదురుతన్ను. కోసిన చీలిక మూసుకొని బ్లేడును బిగబట్టినా, పలక వంకర తిరిగినా, బ్లేడు వెనుక వైపు పళ్ళు చెక్కను పైకెత్తి మనవైపు విసరివేస్తాయి. దానితోపాటు చేయి కూడా బ్లేడుపైకి లాగబడవచ్చు. కనుక బ్లేడుకు సూటిగా కాక ఒక ప్రక్కగా నిలబడాలి. బ్లేడు చెక్క మందాన్ని కొద్దిగా మాత్రమే మించి ఉండాలి. చివరి జానెడు భాగాన్ని చేతితో కాక తోపుడు కర్రతో నెట్టాలి. పాత తలుపుల చెక్కను కోసే ముందు మేకులు, మరలు పూర్తిగా తీసివేయాలి. బ్లేడుపై ముద్రించిన గరిష్ఠ వేగం యంత్రపు వేగం కంటె తక్కువైతే దానిని వాడరాదు. ఇంట్లో తరచుగా పలకలు కోసేవారు కవచంతో, వెనుక రేకుతో తయారైన బల్ల రంపాన్నే సమకూర్చుకోవాలని మా సలహా.

చేతి తొడుగులు రక్షణ అని చాలామంది భావిస్తారు. తిరిగే బ్లేడు వద్ద, డ్రిల్లు వద్ద అవి అపాయకరం. దారపు పోగు చిక్కుకుంటే చేతిని లోనికి లాగుకొంటాయి. వదులు చొక్కా, లుంగీ, మెడగొలుసు, ఉంగరం కూడా అంతే. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ మాత్రం తప్పనిసరి. చెక్కపొడిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. కనుక ముక్కుకు చేతిరుమాలు చాలదు. ధూళిని ఆపగల మాస్కు ధరించాలి.

బ్లేడు మార్చేటప్పుడు స్విచ్చి ఆపడంతో తృప్తిపడక ప్లగ్గును ఊడదీయాలి. ప్లగ్ పాయింటుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును తెంచే రక్షణ సాధనం ఉండాలి. పిల్లలు సమీపంలో ఉండగా యంత్రాన్ని నడపరాదు. పని ముగిసిన వెంటనే ప్లగ్గు తీసి, యంత్రాన్ని వారికి అందని చోట ఉంచాలి.

ఇన్ని జాగ్రత్తల తరువాతా వేలు తెగితే, గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని ఎత్తి పట్టాలి. తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుగడ్డలపై ఉంచాలి. మంచు నేరుగా తగిలితే కండ చెడిపోతుంది. ఆలస్యం చేయక, తెగిన అవయవాలను అతికించే శస్త్రచికిత్స వసతి ఉన్న ఆసుపత్రికి చేరాలి. ఈ సంగతి ఇంట్లోని పెద్దలందరికీ ముందే చెప్పి ఉంచండి. ఆ క్షణాన గాయపడినవాడు చెప్పగల స్థితిలో ఉండకపోవచ్చు.

ఇంటి రంపానికి పర్యవేక్షకుడు దానిని నడిపేవాడే. ఈ సెలవు దినాన స్విచ్చి వేయకముందు ఆ ఉద్యోగం కూడా మీదేనని గుర్తుంచుకొని, మీ యంత్రాన్ని ఒకసారి తనిఖీ చేయవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.